రెండు బిస్కెట్ల నడుమ

నాలుగున్నరకు డిపోల సంతకం,
ఐదుంబావుకు మొదటి ట్రిప్పు.
సికింద్రాబాద్ పోయి మర్లి వస్తె ఆరున్నర.
శాలిబండ మలుపుకాడ
మా బస్సుకు పదకొండు నిమిషాల ఊపిరి.
డ్రైవర్ ఎల్లేశం ఇంజన్ బందు వెడ్తడు,
నేను సంచి చంకల వెట్టుకొని దిగుత.

హోటల్ పేరు బోర్డు మీద సగమే ఉన్నది,
మిగతా సగం వానలు తాగినయ్.
లోపల పాలరాతి బల్లలు,
మరకలు పట్టిన నిలువుటద్దం,
అద్దంల నాకన్న ముందు లేచిన మొఖాలు:
పేపర్లు మడతవెట్టే పోరలు,
రాత్రంత కాపలా కాసి కండ్లు మండుతున్న ముసలాయన,
మార్కెట్ల కూరగాయలు దించొచ్చిన హమాలీలు.
ఆడమనిషిని నేనొక్కదాన్నే.
మొదట్ల పరదా ఎనుక ఫ్యామిలీ రూంలకు పొమ్మన్నరు.
"ఫ్యామిలీ లేదు, బస్సున్నది" అన్న.
గల్లా మీది ముంతాజుద్దీన్ సాబ్ నవ్విండు.
ఆ పొద్దు సంది కిటికీ పక్క బల్ల నాది.

ఆయనకు చిల్లర కరువు,
నాకు చిల్లర బరువు.
రూపాయలు, రెండ్లు, ఐదులు
గల్లా మీద కుమ్మరిస్తె
ఆయన వేలు పావురం ముక్కు లెక్క టకటక ఏరుకునేది.
నూటికి నూరు చేతుల వెట్టి
పైన లెక్కల రానిదొకటి:
మలాయి బిస్కెట్.

గోడ మీది పట్టీల దాని పేరు లేదు.
మొదటి దఫా పాలు కాగి చల్లారినంక
దేగిసా మీద మందంగ పేరుకున్న మీగడ,
చెంచతోటి కాదు, అట్లకాడ అంచుతోటి గీకి తియ్యాలె.
బట్టీల నుంచి ఎచ్చగ వచ్చిన ఉస్మానియా బిస్కెట్,
దాని మీద మీగడ మడత,
చిటికెడు చక్కెర,
పైన ఇంకో బిస్కెట్ బోర్లిచ్చి
బొటనేలుతోటి ఒత్తాలె, అంతే.
ఎక్కువైతె పలుగుతది,
తక్కువైతె జారుతది.
వంటింట్ల మస్తాన్ మూడేండ్ల సంది నేర్చుకుంటుండు.
పలిగినవి వాడే తింటడు,
అందుకే నేర్చుకుంటలేడని ఎల్లేశం అనుమానం.

కొరికితె ముందు ఉప్పు.
ఏ స్టేజీకాడ ఉప్పు దిగిపోయిందో
ఎక్కడ తీపి ఎక్కిందో
నా నాలికె ఇప్పటిదాంక టికెట్ కొట్టలే.
పొడిపొడిగ రాలే అంచు,
నడుమ సల్లటి మెత్తన,
ఎంట ఒక గుటక గట్టి చాయ్.
ముంచొద్దు, ఇది ముంచే బిస్కెట్ కాదు.
ఎల్లేశం మాత్రం రోజు ముంచుతడు,
బాయిల పడ్డ బొక్కెనకు గాలం వేసినట్టు
చెంచ వట్టుకొని కప్పు అడుగు దేవుతడు.

జీరో టికెట్లు వచ్చినంక సంచి సన్నవడ్డది.
సగం బస్సు ఆడోళ్లు, వాళ్లకు సున్నా కొడ్త.
మంచిదే, పనికి పోయే మా చెల్లెకూ అదే సున్నా.
గల్లా మీద గూడ గీతల పలక వచ్చింది,
పైసలు వడితె అదే మాట్లాడుతది.
సాబ్ వేలికి పని లేదు.

ఒక పొద్దు ఏడంటె ఏడు రూపాయలు వెట్టి
"ఇయ్యాల గింతే సాబ్, వట్టి చాయ్ చాలు" అన్న.
ఆయన ఏడు బిళ్లల్ని ఒకదాని మీదొకటి పేర్చిండు.
మళ్ల లెక్కవెట్టిండు.
లోపలికి కేకేసిండు: "మస్తాన్, మేడం కా బిస్కెట్!"

ఆనక గల్లా దిగి వచ్చిండు.
ఇన్నేండ్లల్ల ఆయన నడుము కింద ఎన్నడు చూడలే,
ఎడమ కాలు ఈడ్చి నడుస్తడని తెల్వదు.
నా ఎదురుంగ కూసుండి
నా బిస్కెట్ల సగం విరుచుకున్నడు,
షుగర్ ఉన్న మనిషి.
"ఇరవై ఏండ్లాయె తినక" అన్నడు,
మీసం మీద మీగడ తుడుచుకోకుంటనే.
నేనేమనలే.
గీతల పలక ఒక్కతే మాట్లాడింది, ఎవరిదో ముప్పై రూపాయలు అందినయట.

బయట ఎల్లేశం హారన్ కొట్టిండు,
మళ్ల కొట్టిండు.

ఆ దినం మూడు నిమిషాలు లేటు.
కంట్రోలర్ కారణం రాయమంటె
ట్రాఫిక్ అని రాసిన.
పొద్దుగాల ఆరున్నరకు, శాలిబండల!
ఆయన కాయితం చూసిండు, నన్ను చూసిండు,
కాయితం మీద వడ్డ బిస్కెట్ పొడిని
ఊఁ అని ఊది
సంతకం పెట్టిండు.