మూత లేని పళ్ళెం

వోలోస్ ఊళ్ళో, రేవు వెనక సందులో,
రెండో అంతస్తు కిటికీ రెక్కల చీలికలోంచి
పదకొండేళ్ళు చూశాను లోకాన్ని.
రొట్టెల కొట్లో నలుగురుంటే వెనక్కి తిరిగొచ్చేవాణ్ణి.
అయిదుగురుంటే ఆ పూట ఉపవాసమే.
ఫోను మోగితే అది ఆగేదాకా
ఊపిరి బిగబట్టేవాణ్ణి,
దానికి వినపడతానేమోనని.

కింది వాటాలో పొలిక్సెనీ.
ముప్ఫయ్యేళ్ళు ఓడల్లో టిక్కెట్లు చింపిన మనిషి.
ఆ ఆదివారం మణికట్టుకి కట్టు.
నా తలుపు కొట్టలేదు, తన్నింది.
"ఈ పళ్ళెం లెఫ్తేరిస్ పొయ్యికి చేర్చు.
మా ఇంటి పొయ్యిలో పట్టదు."
కీమా, బియ్యం కూరిన బుంగమిరపకాయలు, పద్దెనిమిది.
పైన మూత లేదు.
"గుడ్డ కప్పండి" అన్నాను.
"వాటికేం సిగ్గు?" అంది.

లెఫ్తేరిస్ కొట్టుకి దారి కూడలి మీదుగానే.
కూడలి నిండా కాఫీ బల్లలు,
బల్లల నిండా కళ్ళు.
నాకు చెమట అరికాళ్ళలో పుడుతుంది.

చెప్పేశాను, మొదటిసారి ఒకరికి:
"జనం చూస్తారు. ఏమనుకుంటారో, అది నా చేతిలో లేదు."
ఆవిడ నవ్వలేదు.
"మరి నీ చేతిలో ఏముంది?"
చూసుకున్నాను.
పళ్ళెం.

"పూర్వం ఏథెన్సులో కొందరుండేవాళ్ళు" అంది మెట్ల మీద కూలబడి.
"తలుపులు మూసి తత్వం చెప్పలేదు.
సంత పక్కన బొమ్మలేసిన అరుగుంటే దాని మీద చేరారు.
అరుగు పేరే వాళ్ళ పేరైంది.
చేపల బేరాల మధ్య, గాడిదల ఓండ్రింపుల మధ్య
చెప్పింది ఒకటే లెక్క:
నీ నడక నీది, వాళ్ళ చూపు వాళ్ళది.
ఎవడి సరుకు వాడు మోసుకోవాలి.
నువ్వు ఇన్నాళ్ళూ ఊరందరి చూపులూ మోశావు,
కూలి కూడా అడక్కుండా.
సరే, ఘోరంగా ఏమవుతుందో ఇప్పుడే చెప్పు."
"పడేస్తాను."
"పడేస్తే?"
"నవ్వుతారు."
"నవ్వితే, అర్గిరీ?"
ఆ తర్వాతి మెట్టు నాకు తెలీలేదు.
ఇన్నేళ్ళూ అక్కడే ఆగిపోయాను,
దాని కింద ఏముందో తొంగి చూడకుండా.
"కాయలు తక్కువవుతాయి" అంది.
"అందుకే పద్దెనిమిది చేశాను."

బయల్దేరాను.
నూనె పళ్ళెం అంచుదాకా వచ్చి వెనక్కి పోతోంది.
మొదటి బల్ల. రెండో బల్ల. చెవులు కాలుతున్నాయి.
గుండె తన పని తాను చేసుకుంటోంది, కొంచెం అతిగా.
దాన్ని ఆపడం నా చేతిలో లేదు.
కాలు వేయడం ఉంది.
వేశాను.

ఫౌంటెన్ దగ్గర రాళ్ళు ఎగుడుదిగుడు.
ఒక కాయ జారింది.
ఒక కుర్రాడు నవ్వాడు, బిగ్గరగా.
పై పన్నొకటి ఊడి ఉంది వాడికి.
అది చూశాను నేను.
నన్ను చూసి నవ్వే నోటిని
మొదటిసారి నేనూ చూశాను.
బల్ల కిందనుంచి ఒక పిల్లి వచ్చింది.
నవ్వు వాడిది. కాయ పిల్లిది.
మిగతా పదిహేడూ నావి.

కొట్టు ముందు వరసలో పదకొండు మంది.
లెక్కపెట్టాను, అలవాటు.
వెనక్కి తిరగలేదు, తిరిగితే నూనె ఒలుకుతుంది.
నా ముందున్నావిడ గుప్పిట్లో చిల్లర గలగలమంటోంది,
ఎవరూ కదపకుండానే.
అడగాల్సిన మాట పెదాల మీద వల్లె వేస్తోంది:
ఒక నల్ల రొట్టె, ముక్కలు కోసి,
ఒక నల్ల రొట్టె, ముక్కలు కోసి.
నా జపమే అది.
ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే చేస్తాననుకున్నాను.

ఏదైనా అనాలనిపించింది. గొంతు పెగల్లేదు.
పళ్ళెం కొంచెం అటు జరిపాను, పుదీనా వాసన వెళ్ళేలా.
చూసింది. "ఒకటి తక్కువుంది" అంది.
"పిల్లికి" అన్నాను.
అంతే మాట్లాడుకున్నాం.

ధైర్యం వచ్చేసిందని చెప్పను.
సోమవారం ఫోను మోగింది, తీయలేదు.
మంగళవారం తీశాను, రాంగ్ నంబరు.
అయినా అతనికి రేవుకి దారి చెప్పి పెట్టేశాను.
గురువారం పొలిక్సెనీ కట్టు విప్పేశారు.
ఆదివారానికి మళ్ళీ కట్టుకుని మెట్లెక్కుతోంది.
డాక్టరు కట్టింది అలా ఉండదని నాకు తెలుసు.
తలుపు తీసే ఉంచాను.