వేలి కణుపు

సంఘం మీటింగుకి ఒంగోలు నుంచి వచ్చిన పిల్ల,
హిమజ అంట, తలా ఒక తెల్లకాగితం పంచింది.
"మీ బతుకు దేనికో ఒక్క వాక్యం రాసుకురండి ఆంటీ,
దారి తప్పినప్పుడల్లా చూసుకోటానికి.
మంగళవారం చదువుదాం."

రాజ్యమ్మ అక్కడికక్కడే రాసిచ్చేసింది:
పిల్లల్ని ఆఫీసర్లని చెయ్యటం.
పెన్నుకి మూత పెట్టి బజ్జీ తింది.

నాకు కాగితమంటే భయం. రాస్తే పోదు.
అటక మీద పలకొకటి ఉంది,
ఫ్యాక్టరీ మూసిననాడు జీతం బాకీ కింద
చేతిలో పెట్టిన ముప్పైలో మిగిలింది.
మార్కాపురంలో పలక లేని ఇల్లుంటుందా,
వాకిట్లో పరిచిన బండ కూడా
పలక కాబోయి ఆగిపోయిందే.

పందొమ్మిదేళ్లు నా పని కొట్టి చూడటం.
చెక్క చట్రంలోకి పోకముందు
ఒక్కో రాతినీ ఎడమచేతి మూడువేళ్ల మీద నిలబెట్టి
కుడిచేతి నడిమివేలి కణుపుతో ఒక్క దెబ్బ.
మంచిదైతే కంచులా పలుకుద్ది.
జీర ఉంటే
తడిగోడని తట్టినట్టు, దబ్.
కంటికి కనపడని జీర కణుపుకి తెలుసు.
ఇప్పటికీ అక్కడ చర్మం మొద్దు.
పుచ్చకాయ బేరానికి వీధంతా నన్నే పిలుస్తారు.

రాత్రి బలపం దొరక్క మనవడి సుద్దముక్కతో రాశా:
నలుగురికీ మంచి చెయ్యాలి.
కొట్టి చూశా. పలకని కాదు, మాటని.
దబ్.
ఏ నలుగురికి? పంపు కాడ మస్తాన్‌బీతో
పొద్దున్నే బిందెలెత్తుకుని పోట్లాడొచ్చా.

దేవుడు మెచ్చేట్టు బతకాలి.
ఇది పలికింది గానీ ఆ గొంతు నాది కాదు,
మా నాయనది.

ఎవరి ముందూ చెయ్యి చాపకూడదు.
చాపా కదా, ఆయన ఊపిరితిత్తుల్లో రాతిపొడి తేలినప్పుడు
గుంటూరు ఆసుపత్రి మెట్ల మీద.
చాపితే తప్పేంది?
తుడిచా. తడిగుడ్డ తెల్లబడింది.

అప్పుడు గుర్తొచ్చింది.
గుర్తొచ్చిందనటం అబద్ధం, ఎప్పుడూ ఉండేదే,
ఆ జూన్ నెల.
బళ్లు తెరిచే వారం. లారీ వాకిట్లో ఉంది.
కేశవులు మేస్త్రి పక్కన గొంతుక్కూచుని
"నాగూరమ్మా, దబ్ అన్నవి తీసెయ్యొద్దులే,
నల్లరంగు పూస్తే ఏం కనపడదు.
పలక్కి పావలా నీకు" అన్నాడు.
తియ్యలేదు. మూడు రోజులు.
కణుపు చెబుతానే ఉంది.
ఆ పావలాలతో కొన్న స్టీలు బిందె
ఇప్పటికీ ఇంట్లో ఉంది. చుక్క కారదు.

ఆ ఏడే తర్లుపాడులో, మా చెల్లెలి ఊరి బడి అరుగు మీద
ఒక పిలగాడు సగం పలక పట్టుకుని
అ నుంచి ఎ దాకా రాసి, చోటు చాలక
మిగతావి తొడ మీద వేలితో రాసుకుంటన్నాడు.
మా పలకేనా అని అడగలేదు.
అడగటానికి నోరెక్కడిది.

సుద్దముక్క గోరంత మిగిలింది.
జీర ఉన్నదాన్ని మంచిదని
ఎవరి చేతిలోనూ పెట్టను.
కొట్టా.
పలికింది. పెద్ద మోతేం కాదు,
చీకట్లో ఎవరో గిన్నె దించినట్టు.
అటక మీదికి మళ్లీ ఎత్తబుద్ధి కాలేదు,
బియ్యం డబ్బాకి ఆనించి పడుకున్నా.

తెల్లారి చూస్తే దాని కిందనే
చిన్నోడు పాల లెక్క రాశాడు.
లీటరున్నర, రెండు, లీటరున్నర.
పైది తుడవలేదు. చదివాడో లేదో.

సోమవారం పొదిలి నుంచి పిల్లనిచ్చేవాళ్లు వస్తన్నారు.
వాడు శనాదివారాలు తాగొస్తాడు,
తాగితే చేతికేం దొరికితే అది విసురుతాడు.
"పెళ్లయితే అదే కుదురుకుంటుందిలే, నోరెత్తమాక"
అని మా అక్క ఫోను.
నాకు నల్లరంగు వాసన తగిలింది.

హిమజ ఇచ్చిన కాగితం మడతపెట్టినట్టే ఉంది.
మంగళవారం దాని మీద ఎక్కించాలంటే
ముందు సోమవారం దాటాల.
కణుపు నిమురుకుంటా కూచున్నా.