సన్న కిటికీ, వెడల్పు కిటికీ

కర్నూల్లో నంద్యాల చెక్‌పోస్టు దాటినాక
రేకుల షెడ్డులో మద్దిలేటి
ఫోను చెవికి ఆనించుకొని కళ్లు మూసుకుంటాడు.
అవతల కోడుమూరు పక్కన సుంకన్న అనే రైతు
స్టార్టరు పచ్చ బటన్ నొక్కి
ఫోను తీసుకుపోయి బోరు గొట్టం మీద పెడతాడు.

నలభై సెకన్లు.
"బుష్షు అరిగింది సామీ.
ఆపెయ్, లేకుంటే కాలిపోతాది."
అంతే.
మళ్లా రాగితీగ చుట్టడంలో పడిపోతాడు.

ఆ నలభై సెకన్లనీ నేను అడిగి తీసుకున్నాను.
నా ఎంటెక్ ప్రాజెక్టు అదే:
మోటారు చెప్పేది మిషను వినగలదా.

మొదట అంతా ఒక్కటిగా పోసి లెక్కగట్టాను.
యాభై దగ్గర పెద్ద గుట్ట,
వంద దగ్గర చిన్న గుట్ట,
పైన ఎక్కడో గుప్పెడు చిల్లర.
మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డలు
సైజు వారీగా పోసినట్టు.
పెద్దవి ఎన్ని, గోలీలంతవి ఎన్ని, గుట్ట చెబుతుంది.
ఏ గడ్డ ఏ సాలుది,
ఏది వానకు ముందు పీకింది,
ఏది తడిసినాక పీకింది,
గుట్టకేం తెలుసు.

"యాభై ఎప్పుడూ ఉంటాది గదమ్మా ముబీనా,
అది కరెంటు. దాని పని అది చేస్తాంటాది.
గొంతు ఎప్పుడు మారిందో చూడు"
అన్నాడు మద్దిలేటి,
వార్నిషు వేళ్లు లుంగీకి తుడుచుకుంటా.

ఎప్పుడు.
అందుకే కిటికీ కావాలి.
ఒక చట్రం బిగించి
శబ్దం మీద జరుపుకుంటూ పోవాలి,
ఆగిన చోటల్లా తొంగి చూడాలి.
మూలలు గుండ్రంగా చెక్కాలి,
లేకుంటే అంచు కోసుకొని
లేని కూతలు పుడతాయి.

సన్న కిటికీ పెడితే
మార్పు వచ్చిన క్షణం నిలువుగీతలా నిలబడుతుంది,
అది ఏ శ్రుతో చెదిరిపోతుంది.
వెడల్పుది పెడితే
శ్రుతి వెంట్రుకంత సన్నగా తేలుతుంది,
క్షణం మాత్రం
నీళ్లలో పడ్డ సిరాలా నాలుగు సెకన్ల పొడవునా పాకుతుంది.
రెండూ ఇచ్చే కిటికీ ఏ వడ్రంగీ చెయ్యలేదు.
చెయ్యలేడని లెక్క కూడా ఉంది.

రాత్రి హాస్టల్లో
సుంకన్న మోటారు తెర మీద రంగులై లేచింది.
మొదటి సెకనులో
కింది నుంచి పైకి పాకిన వంపు, ఎద్దు లేచినట్టు.
తర్వాత చదును.
చదును.
ఇరవై రెండో సెకనులో నీలం చిరిగి
మూడు వేల దగ్గర ఒక పసుప్పచ్చ నూలుపోగు.
చూసేదాకా నాకది వినిపించలేదు.
చూసినాక
ఇక వినకుండా ఉండలేకపోయాను.

పొద్దున్నే తీసుకుపోయి చూపించాను.
"ఇదో అన్నా, బుష్షు కూత పెట్టింది ఇక్కడే."
"కూతా? మళ్లీ వినిపీ."
మూడుసార్లు వినిపించాను.
నాలుగోసారి వద్దన్నాడు.
"నాకు అడుగున గుర్రుమనేదే వినబడె.
ఆగి ఆగి గుర్రుమంటే బుష్షే. దాన్ని బట్టే చెప్పినా."

స్క్రూడ్రైవర్ మొన బెంచీ మీది మోటారుకు ఆనించి
పిడి చెవి వెనక ఎముకకు పెట్టుకున్నాడు.
ఎముకతో వినడం కొత్తేం కాదంట.
గ్రైండరు పక్కన ఇరవై ఆరేళ్లు.
"ముందు ఈ కూతలన్నీ వినబడేటివి.
పిట్టలకంటే ముందు మోటార్లే కూసేటివి నాకు.
యా ఏడు పోయిందో, యా నెలలో పోయిందో,
నీ మిషను చెబుతాదా?"

చెవి పరీక్ష చేయిస్తే
ఏ శ్రుతి దగ్గర తెగిందో గీత గీసి ఇస్తారు.
ఎప్పుడు తెగిందో
ఇరవై ఆరేళ్ల వెడల్పున్న కిటికీలో
ఎట్లా వెతికేది?
ల్యాప్‌టాప్ మూత వేశాను.

ఫోను మోగింది. వెల్దుర్తి నుంచి.
ఎప్పుడూ చెవికి పెట్టుకునేవాడు
ఈసారి స్పీకర్ నొక్కి
వార్నిషు డబ్బా మీద పెట్టాడు.
"నువ్వూ విను. మారిన కాడ వేలెత్తు."

ఇద్దరం వంగాం.
వేళ్లు రెండూ లేచాయి,
ఒకే క్షణంలో కాదు.