వెండి మరక

నా చూపుడువేలి గోటికింద నలుపు
సబ్బుకు పోదు.
వెండి నైట్రేటు. పదకొండేళ్ల మరక.
లక్కసంద్ర మూలమీద బీన్స్ తూస్తూ
మునియమ్మ అంటుంది,
"ఏం చదువుకున్నావో ఏమో,
చేతులు మాత్రం బొగ్గుల కొట్టువి."

నేను చేసే పని చెప్తే నమ్మదు.
ఎలుకను గొట్టంలో పెడతాను,
రోజుకు రెండు గంటలు, పది రోజులు.
కొట్టను, మాడ్చను.
కదలనివ్వను, అంతే.
ఆ తర్వాత దాని మెదడును వెండినీళ్లలో నానబెట్టి
ఉల్లిపొరంత పల్చగా కోస్తాను.
వందలో ఒక్క కణానికే వెండి పడుతుంది.
దానికే ఎందుకు, పక్కదానికి ఎందుకు కాదు,
ఎవరికీ తెలీదు.
ఆకు రాల్చిన తుమ్మలా కొమ్మలన్నీ చాచి
అద్దం కింద పట్టుబడిన ఆ ఒక్కదాన్నే లెక్కపెడతాను.
మిగతా తొంభైతొమ్మిదీ
అక్కడే ఉంటాయి, కనబడకుండా.

రోజూ పొద్దున సిల్కుబోర్డు దగ్గర
నేనూ గొట్టంలోనే ఉంటాను.
నాది ఏసీ గొట్టం. ఎఫ్ఎం కూడా వస్తుంది.
మా డ్రైవరు నంజుండప్ప సలహా:
"ఎలుకలెందుకు మేడమ్, మమ్మల్నే కోయండి."

లెక్కల్లో తేలింది ఇది.
జ్ఞాపకం ఉండేచోటు సముద్రగుర్రంలా వంకర తిరిగి ఉంటుంది.
అక్కడ కొమ్మలు ముడుచుకుపోయాయి.
భయం ఉండేచోటు బాదంగింజ.
అక్కడ కొత్త కొమ్మలు వేశాయి.
ఇరవైయొక్క రోజులు విశ్రాంతి ఇచ్చాను,
మెత్తటి ఊక, వేళకు తిండి, చీకటి.
సముద్రగుర్రం కోలుకుంది.
బాదంగింజ
వేసిన కొమ్మ ఒక్కటీ వెనక్కి తీసుకోలేదు.

రెండు గీతల గ్రాఫు వేశాను.
ఒకటి దిగి లేచింది.
ఒకటి లేచి, అలాగే నిలబడింది.
మీటింగులో మెచ్చుకున్నారు. టీ బాగుంది.

మంగళవారాలు ఎలుకలుండవు.
ఆసుపత్రి రెండో అంతస్తుకు వెళ్తాను,
రోడ్డువైపు కిటికీ ఉన్న గది.
తిప్పేస్వామి. మడకశిర. ఇరవైతొమ్మిదేళ్లు.
మడివాళ ఫ్లైఓవరు దిగువన, వానలో,
పది నిమిషాల్లో చేర్చాల్సిన బిర్యానీతో సహా పడ్డాడు.
హెల్మెట్ పగల్లేదు.
ప్రతి మంగళవారం నన్ను మొదటిసారి చూస్తాడు.
"మీరు ఎవురు మేడమ్?"
చెప్తాను.
"నా బండెక్కడ?"
చెప్తాను.
"ఆర్డరు ఇచ్చేసినానా?"
మొదటి నెల నిజం చెప్పాను.
ప్రతిసారీ కొత్తగా బాధపడ్డాడు.
ఇప్పుడు, ఇచ్చేసినావు నాయనా, అంటాను.
ఈ అబద్ధానికి
నా పద్ధతుల పేజీలో చోటు లేదు.

కింద హారను మోగితే మాత్రం
మంచం కడ్డీని రెండు చేతులా పట్టుకుంటాడు.
ఎందుకంటే తెలీదంటాడు.
తన పిడికిళ్లను తనే చూసుకుంటాడు,
ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు.
"మూణ్ణెల్ల బిడ్డను మరిచిపోయినాడు, సరే.
ఆ హారనునెందుకు మరిచిపోడు?" అంటుంది
భార్య మారెక్క.
బాదంగింజ సంగతి చెప్పబోయి ఆగాను.
ఒక చేతిలో బిడ్డ, ఒక చేతిలో టిఫిను డబ్బా.
గ్రాఫు ఏ చేతికిస్తాను?

పోయిన మంగళవారం వాన.
డెయిరీ సర్కిల్ దగ్గర నలభై నిమిషాలు.
తలుపు తోశానో లేదో
తల తిప్పకుండానే అన్నాడు,
"ఈపొద్దు లేటయింది మేడమ్."

గొడుగు మూయడం మరిచాను.
మారెక్క డబ్బా మూత పట్టుకుని అలాగే ఉండిపోయింది.
"నేనెవరో తెలుసా, తిప్పేస్వామీ?"
చాలాసేపు చూశాడు.
మర్యాదగా, కష్టపడి చూశాడు.
"లేదే. మీరు ఎవురు?"

నోటుబుక్కులో మూడు గడులు గీసుకున్నాను ఎప్పుడో:
గుర్తుంది. గుర్తులేదు. చెప్పలేం.
గొడుగు నీళ్లు పేజీమీద కారుతున్నాయి.
గడులు వదిలేసి, మార్జిన్లో రాశాను:
పదకొండు నలభై. వాన.
నేను రాకముందు
ఎదురుచూస్తూ ఉన్నాడు.