మూడో అంకె

లోహ్యా దగ్గర మూతబడ్డ సున్నపురాయి గని.
యంత్రాలు ఆగిపోయాక ఊటనీరు తానే షిఫ్టుకొచ్చి
అంతస్తు తర్వాత అంతస్తు నింపుకుంటూ పైకెక్కింది.
ఫిబ్రవరిలో దాని మీద రెండడుగుల మంచు.
రంపంతో మూడు మూలల తలుపు కోసి
అందులోంచి దిగుతారు.

తొంభై మీటర్లు.
ముందు తూలిక్కి, వెనక సకారి దీపం.
బుడగ లేదు, చప్పుడు లేదు.
విడిచిన ఊపిరినే డబ్బాలోని సున్నంతో కడిగి
మళ్ళీ తనకే వడ్డిస్తోంది వీపుమీది రీబ్రీదర్.

మణికట్టు మీద మూడు అంకెలు,
ఒకే గాలికి ముగ్గురు సాక్షులు.
ఒకటి పాయింట్ రెండు.
ఒకటి పాయింట్ రెండు.
మూడోది ఒకటిన్నర.

యంత్రానికి లెక్కలు వచ్చు, అనుమానం రాదు.
ఇద్దరి మాట కలిస్తే చాలు దానికి.
మూడోవాణ్ణి పక్కకి నెట్టి,
తక్కువైందేమో పాపం అనుకుని
టిక్కుమని ఇంకాస్త ఆక్సిజన్ వదిలింది.
మళ్ళీ టిక్కు.

మనం ప్రాణవాయువు అంటాం.
అక్కడి వాళ్ళు హప్పి అంటారు,
పులిసిన రై రొట్టెలోని పులుపుకి చుట్టం ఆ మాట.
ఏ పేరుతో పిలిచినా ఇంత లోతున
ఒక గీత దాటిందంటే
మూర్ఛ తెప్పించి, నోట్లో గొట్టాన్ని ఊడ్చుకుపోతుంది.

ఒకటి పాయింట్ ఆరు.

తైస్తో వంటింట్లో
ఉన్ని టోపీ కళ్ళమీదకి లాగి,
యంత్రం వీపున కట్టి
బంగాళాదుంపల చెక్కు తీయించేవాడు.
వెనకనుంచి వచ్చి ఏదో ఒక వాల్వ్ కట్టేసి
ఏమీ ఎరగనట్టు కాఫీ పోసుకునేవాడు.
తైస్తో అంటే పోరు అని అర్థం.
ఆయన నేర్పిందల్లా పోరొద్దనే.
"భయం వస్తుంది. రానీ. కూర్చోమను.
పని మాత్రం చేతికి చెప్పు."

ఆమె ఈదడం ఆపింది.
ఎడమచెయ్యి తాడు మీద.
మందపాటి తొడుగులోంచి కుడిచెయ్యి వెనక్కి వెళ్ళి,
చీకట్లో దీపం బుడ్డి వెతుక్కున్నట్టు కాదు,
తన జడ తాను తడుముకున్నట్టు
ఆక్సిజన్ వాల్వ్ దగ్గర ఆగి, మూసింది.
టిక్కు. టిక్కు.
ఇక అది ఒట్టి చేతుల చప్పుడు.

నోటి దగ్గరి మీట తిప్పింది.
పక్క సిలిండర్లోని గాలి,
ఇంకా ఎంగిలి పడనిది.
బుడగలు కప్పుకి కొట్టుకుని
నలభై ఏళ్ళ దుమ్ము రాలింది.
ఒక ఊపిరి. రెండు. పొడుగ్గా, మూడు.

అప్పుడు యంత్రాన్ని కొత్త గాలితో కడిగింది.
పదోవంతు ఆక్సిజన్ ఉన్న గాలి, పది రెట్ల ఒత్తిడి:
ఒకటి రావాలి.
ఏ సాక్షినీ బతిమాలక్కర్లేని లెక్క.

మూడోది దిగింది, ఒకటికి.
ఆ రెండూ కదల్లేదు.
ఒకే చలికి చెమర్చి, ఒకే తడికి గుడ్డివై
ఒకదానికొకటి వత్తాసు.

సకారికి బొటనవేలు ఎత్తి చూపింది.
ఒడ్డున దానికి భేష్ అని అర్థం.
ఇక్కడ, ఇంటికి.

ఇంటికి రెండు గంటల నలభై నిమిషాలు.
మెట్టుమెట్టుకీ ఆగాలి,
రక్తంలో కరిగిన హీలియం నిదానంగా సెలవు తీసుకోవాలి.
ఆరు మీటర్ల దగ్గర,
తలపైన మంచు పాలలా తెల్లబడుతున్నప్పుడు,
మోకాళ్ళు వణికాయి.
భోజనాలయ్యాక వచ్చిన చుట్టంలా
భయం.
కూర్చోమంది.

పైన తైస్తో, చంకలో ఫ్లాస్కు.
ఇప్పుడాయన దిగడు, చెవులు ఒప్పుకోవు.
అంతా విని అడిగింది ఒక్కటే:
"నిన్న రాత్రి సెల్స్ ఆరబెట్టావా?"

తూలిక్కి మంచు వంక చూసింది.
నిన్న రాత్రి పన్నెండయింది. నిద్రొచ్చింది.

ఆయనింకేమీ అనలేదు.
కాఫీ ఆమె కప్పులో నిండుగా,
తన కప్పులో సగం పోసి,
పొయ్యి దగ్గర ఒక తువ్వాలు పరిచాడు.