అరస్వరం

హెర్రింగ్ చేపలకు ఉప్పు పట్టే షెడ్డులో మొదలయ్యాం.
షెడ్డు గ్యూరో వాళ్ళ పెదనాన్నది.
చేపలు తగ్గిన ఏడాది తాళంచెవి మా చేతిలో పడేసి
"వాసన మాత్రం పోదు, తర్వాత నన్ననొద్దు" అన్నాడు.
పోలేదు.
మా మొదటి కచేరీలో ముందు వరసవాళ్ళు
రెండో వరసకి జరిగారు.

నలుగురం.
టోర్మోడ్ గొంతు, మొదటి గిటారు.
గ్యూరో బేస్. పగలు కొట్లో జున్ను కోసేది,
బొటనవేలికి ఎప్పుడూ కట్టు.
ఎయిలిఫ్ డ్రమ్ములు. మోత తగ్గడానికి పెద్ద డ్రమ్ములో
వాళ్ళమ్మ అల్లిన స్వెట్టరు కుక్కాడు.
ఆవిడ చలికాలమంతా వెతుక్కుంది.
నేను రెండో గిటారు.
అంటే ఏం చేస్తావురా అని అడిగింది మా అత్త.
తోడుపెళ్ళికొడుకు చేసే పనే, అన్నాను.

ఉప్పుగాలికి తీగలు పదిరోజులకే తుప్పు పట్టేవి.
కొత్తవి బెర్గెన్ నుంచి పడవలో రావాలి.
అందాకా ఉన్నవాటినే బంగాళాదుంపల గిన్నెలో ఉడకబెట్టి
మళ్ళీ బిగించేవాళ్ళం.
మీ గిటార్లకా మెరుపెక్కడిదని ఒక పత్రికాయన అడిగితే
"దుంపలది" అంది గ్యూరో.
ఆయన రాసుకున్నాడు.

నవంబరులో మూడున్నరకే దీపాలు.
ఆ చీకట్లో కూచుని ఎండ మీద పాటలు కట్టాం,
ఆకలైనవాడు వంటల గురించి మాట్లాడినట్టు.
వాటిలో ఒకటి "బాకీ ఎండ".

తగువు దాని దగ్గరే వచ్చింది.
పల్లవి చివర, "ఇంటికి" అనే మాట మీద
స్వరం అరమెట్టు దిగాలన్నాడు టోర్మోడ్.
దిగితే ఏడుపవుతుంది, జనం చిందెయ్యడం మానేస్తారు, అన్నాను.
"ఏడుపేం కాదు. ఇంటికెళ్ళేవాడికి
ఆఖరి మలుపులో కాళ్ళు లాగుతాయి చూడు, అంతే."
అరస్వరం. గోరంత.
ఆ గోరంతకి మూడు రాత్రులు, ఒక కాఫీ కప్పు,
స్టూడియో అద్దెలో సగం పోయాయి.
ఎయిలిఫ్ నిద్రపోయాడు.
గ్యూరో నా వైపు చెయ్యెత్తింది,
ఆఖరి బస్సు పదింటికి గనక.
రికార్డులో నా మాటే ఉంది. స్వరం దిగదు.

ఓస్లో రేడియో ఒక మంగళవారం ఆ పాట వేసింది.
షెడ్డులో ఇరవైమందిమి, ఒక్క ట్రాన్సిస్టరు.
చివరి పల్లవి రాకుండానే
మత్స్యకారులకు వాతావరణ హెచ్చరిక అడ్డొచ్చింది.
చప్పట్లు కొట్టాం, తుఫానుక్కూడా.

మేం విడిపోలేదు.
ఒక గురువారం ఎవరూ రాలేదు.
తర్వాతి గురువారం కూడా.

ఇప్పుడు స్కార్వెయ ఫెర్రీలో టికెట్లు కొడతాను.
టోర్మోడ్ ఎదురు దీవిలో వలలు బాగుచేస్తాడు.
రేవులో కనబడితే చెయ్యెత్తుతాం,
డీజిలు ధర మాట్లాడుకుంటాం.
అయిదొందల రికార్డుల్లో మూడొందల పన్నెండు
మా అటకమీదే ఉన్నాయి.

నిన్న వాన.
కార్ల డెక్కు మీద, పాల లారీకి చేరగిలబడి,
సైకిలు పట్టుకుని, పదహారేళ్ళ పిల్ల ఒకతె
కూనిరాగం తీస్తోంది.
మా పాట.
ఎవరి దగ్గర విందో అడగలేదు.
పల్లవి చివర
"ఇంటికి" దగ్గర
దిగింది.

ఎక్కి దిగే కాళ్ళకి రాతిమెట్టు అరిగినట్టు
ఏ నోట్లోనో అరిగింది కాబోలు,
ఎవరూ ఓటెయ్యకుండానే.
రెండోసారీ అక్కడే దిగింది.
పాల లారీ డ్రైవరు అద్దం దించాడు.
నా చేతిలో మిషను కాగితం కక్కుతూనే ఉంది,
జానెడు, మూరెడు.

రాత్రి లాగ్ పుస్తకంలో రాశాను:
గాలి నైరుతి. ప్రయాణికులు పదకొండు. లారీ ఒకటి.
కింద "ఇతర విశేషాలు" అని ఒక గడి ఉంటుంది,
ఏళ్ళుగా ఖాళీ.
అందులో రాశాను: టోర్మోడ్ చెప్పిందే సరి.

పొద్దున కెప్టెను వేలు పెట్టి చూపించాడు.
ఏం చెప్పాడయ్యా?

డీజిలు ధర గురించి, అన్నాను.