చిలప

సాల్వే తీరపు ఉప్పుబురదలో
బూటు దిగబడిపోయి
నేను ఒంటికాలి మీద నిలబడ్డ పొద్దున
నెట్టా కారథర్స్ చెయ్యందిస్తూ చెప్పింది:
"ఈ బాతులకు నేలమీద ఒక పేరు, గాల్లో ఇంకో పేరు.
దిగితే గోల.
లేస్తే చిలప."

పదహారో ఏట ఉన్నిమిల్లులో చేరింది.
నలభై ఏళ్ళు నూలు చుట్టింది.
చిలప అంటే ఆమెకు పోలిక కాదు,
శుక్రవారం కవర్లో వచ్చే జీతం.
ఇప్పటికీ ఆకాశంలో ఆ బారు కనబడితే
బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే
కొస వెతుక్కుంటాయి.

మాటల పిచ్చి మాత్రం మొగుడు ఆర్చీది.
దాణా కంపెనీవాళ్ళ క్యాలెండరు, నెలకో పక్షి,
కింద దాని గుంపుకు పేరు.
టీ చల్లారిపోతున్నా పైకి చదివేవాడు.
కాకులైతే హత్య అట. గుడ్లగూబలు పార్లమెంటు.
భరతపిట్టలు పరవశం.
"వేటకెళ్ళి పొద్దుపోని దొరలు పెట్టుంటారు," అంటుంది నెట్టా,
"కాకి నా దొడ్లో చేసిన ఘోరమల్లా
రెండు బట్టల క్లిప్పులు ఎత్తుకుపోవడం."
తీతువుల దగ్గర మాత్రం ఆమెకు నిజంగానే కోపం.
తీతువుల గుంపును మోసం అంటారు.
"గూటి దగ్గరికి మనిషొస్తే
రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పక్కకు లాక్కెళ్ళే తల్లిది
మోసమా?
ఆ పేరు పెట్టినవాడు పిల్లల్ని పెంచి ఉండడు."

మీ దగ్గరేమంటారని అడిగింది.
కొంగలకు బారు, మిడతలకు దండు,
ఆవులకు కదుపు అన్నాను.
కదుపు అనే మాటను రెండుసార్లు పలికి చూసింది.
"దీన్లో ఆవులు నములుతున్నాయి," అంది.

ఆ చలికాలం
జ్వరం రెక్కలమీదే వచ్చింది.
గోలా లేదు, చిలపా లేదు.
తెల్లమొహాల బాతులు
మెడలు వెనక్కి విరిచి,
ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టు
పోటునీళ్ళు తీసేసిన గడ్డిలో పడి ఉన్నాయి.
తెల్లబట్టల కుర్రాళ్ళు వచ్చారు, చేతుల్లో పొడుగాటి పటకార్లతో.
వాళ్ళలో చెల్లెలి మనవడు డూగీని
మాస్కు పక్కనుంచి పొడుచుకొచ్చిన చెవులతో గుర్తుపట్టింది.
గోడ దగ్గర్నుంచి గేటు దాకా ఎన్నని అడిగాడు.
"రెండొందల పదమూడు."
రాసుకున్నాడు.
"చచ్చినవాటి గుంపును ఏమంటార్రా?"
వాడు ఆలోచించాడు.
తప్పించుకోవడానికి కాదు, నిజంగానే ఆలోచించాడు.
"సంచి అంటాం, అవ్వా. సంచికి ఆరు."

ఇంట్లోకెళ్ళి కెటిల్ పెట్టిందట.
టీ ఆకు వేయడం మరిచి
ఉత్త వేడినీళ్ళే తాగిందట.
రెండొందల పదమూడును ఆరుతో భాగిస్తే
మూడు మిగుల్తాయని,
ఆ మూడింటినీ ఎలా తీసుకెళ్ళారో చూడలేదని
ఇప్పటికీ అంటుంది.

సెప్టెంబరు ఆఖర్లో మళ్ళీ గోడ దగ్గర నిలబడ్డాం.
ముందు వినబడింది, దూరంగా కుక్కపిల్లలు మొరిగినట్టు.
తర్వాత కనబడింది, ఉత్తరాన, మంచుదీవుల దిక్కున,
పెన్సిలు సరిగా ఆనని గీత.
పొట్టిగా ఉంది. రెండు చోట్ల తెగి ఉంది.
నేను లెక్కపుస్తకం తెరిచాను.
నెట్టా పేజీ మీద అరచెయ్యి పెట్టింది.
"ఆగు. తెగినచోట ముడి పడనీ.
తెగిన నూలును మా ఫోర్‌మన్ ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు."

వెనకబడ్డవి రెక్కలు గట్టిగా కొట్టాయి.
ఒకచోట అతికింది.
రెండోచోట, ఏటి ముఖం దాటినా,
బార్లీ కోసిన చేను మీదికి వచ్చినా,
ఖాళీ ఖాళీగానే ఉంది.
నెట్టా వేళ్ళు గాల్లో ఆగిపోయాయి.

ఆ ఖాళీతోనే దిగాయి.
దిగాక, గోల.